కండె లేని నాడె

చీరాల దగ్గర ఒక నేతపేటలో మార్కండేయులు అనే నేతగాడు ఉండేవాడు. చేతిపనిలో ఆయనకు వంక పెట్టేవాళ్లు లేరు గానీ, మనుషుల మంచిచెడ్డలు మగ్గం చప్పుడులోనే తెలిసిపోతాయని నమ్మి, ఎవరి ముఖమూ తేరిపార చూసేవాడు కాదు.

వీధిలో వెళ్తూ ఏదో ఒక ఇంటి ముందు ఆగి చెవి ఒగ్గేవాడు. చప్పుడు జోరుగా ఉంటే ఆ ఇంట్లో అందరూ బాగున్నట్టు. మందగిస్తే ఆ ఇంటాయనకు బద్ధకం పట్టినట్టు. ఈ రెండూ కానిది ఇంకేదైనా ఉండవచ్చన్న ఆలోచన ఆయన బుర్రలోకి ఎప్పుడూ రాలేదు. ఇలాంటి పెద్దమనుషులకు ఏ ఊళ్లోనూ కొరత లేదు, మన ఊళ్లో కూడా.

ఆయన తమ్ముడు పురుషోత్తం పక్కింట్లోనే ఉండేవాడు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. గోడకు ఇటు అన్న మగ్గం, అటు తమ్ముడి మగ్గం. పురుషోత్తం భార్య శేషారత్నం తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బిడ్డ పుట్టబోతున్నందుకు సంబరపడాల్సిన మనిషి రోజురోజుకీ చిక్కిపోతూ వచ్చాడు. గడ్డం మాసింది. వదిన కోటేశ్వరమ్మ పెట్టిన అన్నం కెలికి లేచిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు గానీ, ఆ పలుకులో ప్రాణం ఉండేది కాదు.

ఒక సాయంత్రం తనంతట తానే వచ్చి అన్న పక్కన అరుగు మీద కూర్చున్నాడు. తన వేళ్లకేసి చూసుకుంటూ నోరు విప్పాడు.

“అన్నా, నా మనసు బాగోలేదు. పొద్దున కళ్లు తెరవాలంటే భయమేస్తోంది. ఎందుకు బతకాలో తెలియడం లేదు.”

ఆ మాటకు మార్కండేయులు ఉలిక్కిపడాల్సింది. ఆయన ఉలిక్కిపడలేదు, విసుక్కున్నాడు. ఇంట్లో తిండికి లోటా, భార్యతో తగవా, ఎవరైనా ఏమైనా అన్నారా అని ఒకటొకటిగా అడిగాడు. అవేవీ కాదని, కారణం తనకే తెలియదని, అందుకే ఇంకా భయంగా ఉందని తమ్ముడు చెప్పాడు. ఆ నాలుగు మాటలు బయటపెట్టడానికి అతను ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో అన్నకు తట్టనే లేదు.

“ఖాళీగా కూర్చుంటే ఇట్టాంటివే పుడతాయిరా. మగ్గం గుంటలో దిగు. రేపటి నుంచి నీ మగ్గం చప్పుడు నాకు గోడలోంచి వినపడాలి,” అన్నాడు.

పురుషోత్తం సరేనని తల ఊపి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారేసరికి గోడ అవతల మగ్గం చప్పుడు మొదలైంది. మధ్యాహ్నం అన్నం వేళకు ఆగి, మళ్లీ మొదలై పొద్దుగూకేదాకా సాగింది. ఆ మర్నాడూ అంతే. మార్కండేయులు మహా మురిసిపోయాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని, తన ఒక్క కసురుతో తమ్ముడు దారిలో పడ్డాడని పదిమందికీ చెప్పుకున్నాడు. విన్నవాళ్లు కూడా అవునవునన్నారు.

కోటేశ్వరమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు. నేసేటప్పుడు మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో, దారం చుట్టిన కండె ఉండాలి. అది అయిపోతే ఇంకోటి పెట్టుకోవాలి. శేషారత్నం ఊళ్లో లేదు కాబట్టి మరిదికి కావాల్సిన కండెలు కూడా ఆమే చుట్టి, బుట్టలో వేసి అతని గడపలో పెట్టేది. ఆ బుట్ట పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. తలుపు తడితే, పనిలో ఉన్నాను వదినా అని లోపలి నుంచే జవాబు వచ్చేది. ఆమె ఇక ఆగలేక మొగుడితో చెప్పింది.

“చప్పుడేమో వస్తానే ఉంది, కండెలు తరగడం లేదు. నాకేదో భయంగా ఉంది. నువ్వోసారి పోయి చూసిరాయ్యా.”

పాతవి మిగిలి ఉంటాయిలే, నేతపని నాకు నేర్పుతావా అని మార్కండేయులు కొట్టిపారేశాడు. గోడ అవతలికి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన వెళ్లలేదు.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక చప్పుడు ఆగిపోయింది. ఆయనకు కోపమే వచ్చింది. మళ్లీ బద్ధకం మొదలైందనుకుని, తాను నేస్తున్న చీర కొంగు ముగించుకుని మరీ లేచాడు. వెళ్లేసరికి తమ్ముడి ఇంటి తలుపు తీసే ఉంది. మనిషి లేడు. మగ్గం మీద నేసిన బట్ట జానెడే ఉంది. శేషారత్నం ఊరెళ్లిన నాడు ఎంత ఉందో అంతే. మార్కండేయులు నాడె చేతిలోకి తీసుకుని చూశాడు. అందులో కండె లేదు.

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఇన్నాళ్లూ తమ్ముడు ఉత్త నాడెను అటూ ఇటూ ఆడిస్తూ కూర్చున్నాడు. బట్ట నేయడానికి కాదు, గోడ ఇవతల ఉన్న అన్నకు వినిపించడానికి. నాడె అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తి అందరినీ పిలిచాడు. పేట మొత్తం వెతికారు. చీకటి పడకముందే పురుషోత్తం శవం దొరికింది. అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు.

శేషారత్నం నిండు నెలలతో వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, మార్కండేయులు ఎదుటికి వచ్చి నిలబడింది.

“ఊళ్లో ఉంటే నేను చూసుకునేదాన్ని. మీరు పక్కనే ఉన్నారన్న ధైర్యంతోనే పోయాను బావగారూ. ఒక్కసారి లోపలికి వచ్చి ఆయన ముఖం చూడలేకపోయారా?”

ఆమె అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

పుట్టిన పిల్లను చూడటానికి కూడా మార్కండేయులుకు ముఖం చెల్లలేదు. క్రమంగా ఆయనకూ నిద్ర కరువైంది. ముద్ద మింగుడు పడేది కాదు. పొద్దున లేవాలంటే భయం పట్టుకునేది. అరుగు మీద తమ్ముడు చెప్పిన మాటలే ఇప్పుడు తన లోపల వినిపించడం మొదలైంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. అయినా కోటేశ్వరమ్మ కనిపెట్టింది. ఒకసారి మొగుడి మాట విని ఊరుకున్న మనిషి, ఈసారి ఊరుకోలేదు. పని మానుకుని పక్కన కూర్చుంది, చెప్పిందంతా వింది, చెయ్యి పట్టుకుని బస్సెక్కించి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లింది.

ఆ డాక్టరమ్మ తొందరపెట్టకుండా అంతా విన్నది. ఇది బద్ధకమూ కాదు, పిరికితనమూ కాదు, జబ్బు అని చెప్పి మందులు రాసింది. వారం వారం వచ్చి మాట్లాడి వెళ్లమంది. మార్కండేయులు లేవబోయి మళ్లీ కూర్చుని, మా తమ్ముడికి వచ్చింది కూడా ఇదేనా అని అడిగాడు.

“నేను ఆయన్ని చూడలేదు కదండీ, కచ్చితంగా చెప్పలేను. కానీ ఇలాంటి బాధతో ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది కోలుకుని వెళ్లారు,” అన్నది ఆమె.

మందులు పనిచేశాయి. నెమ్మదిగా నిద్ర పట్టింది, అన్నం సయించింది. తాను కోలుకుంటున్న కొద్దీ, తమ్ముడు కూడా ఇలాగే కోలుకుని ఉండేవాడేమో అన్న ఆలోచన ఆయనను మరింత తొలిచేసింది. శేషారత్నం కూతురు నడక నేర్చింది, మాటలు నేర్చింది. నాన్న ఏడని ఆ పిల్ల అడిగిన ప్రతిసారీ ఆయన తల దించుకునేవాడు.

నీతి: మనసు బాగోలేదని ఎవరైనా నోరు తెరిచి చెబితే అది బద్ధకం అనుకుని పని పురమాయించకూడదు, పక్కన కూర్చుని వినాలి, ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లాలి.