చిప్పదీపాల గట్టు

పూర్వం ఈ గట్టు మీది సోమేశ్వరుడి అఖండదీపానికి, గట్టు కింద గానుగ ఆడించే మల్లిదేవయ్య నూనె పోసేవాడు. ఆ గానుగ నూనె పరమతస్థుల చేతికి అందితే దీపం ఆరిపోతుందని నమ్మి, నుదుట విభూతి లేనివారికి చుక్క కూడా అమ్మనని లింగాన్ని ముట్టి మొక్కుకున్నాడు. నిష్ఠ ఆయనది. పొద్దు పొడిచింది మొదలు ఎద్దు వెంట తిరిగి గానుగ ఆడించేది మాత్రం ఆయన భార్య నాగసానమ్మ.

ఒక ఉదయం మంత్రసాని సైదాబీ కొబ్బరిచిప్ప పట్టుకుని పరుగున వచ్చింది. కోడలి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందనీ, చేతికి నూనె రాసుకోకుండా సరిచేయలేననీ చెప్పింది. మల్లిదేవయ్య కసురుకోలేదు. చేతులు జోడించి, ఆమె మీద తనకు ద్వేషం లేదనీ, మొక్కు దాటలేననీ, నాలుగు కోసుల దూరంలో మరో గానుగ ఉందనీ మర్యాదగానే చెప్పాడు.

"నేను పోయొచ్చేదాకా ఆగమని ఆ బిడ్డకు మీరే చెప్పండయ్యా," అంది సైదాబీ.

గానుగ చప్పుడు ఆగింది. నాగసానమ్మ ఎద్దు గంతలు విప్పి, వచ్చి చిప్ప అందుకుంది. దీపం ఆరితే పాపం నీదేనని భర్త హెచ్చరించాడు.

"మొక్కు మీది. గానుగ ఆడించే చేతులు నావి. మొక్కుకునే ముందు నన్నొక మాట అడిగారా?" అంటూ ఆమె చిప్ప నిండా నూనె పోసింది.

మల్లిదేవయ్య గట్టెక్కేసరికి దీపం ఆరిపోయి ఉంది. మొక్కు నాటి నుంచి దీపం కోసమే విడిగా దాచిన నూనె పోసినా వత్తి అంటుకోలేదు. మధ్యాహ్నానికి ఊరంతా గుడి ముందు చేరి, నాగసానమ్మను ఎదుట నిలబెట్టి, పొలిమేర దాటించాలని తీర్మానించింది. దీపం గానుగ చప్పుడు ఆగకముందే ఆరిందని పూజారి గొణిగాడు గాని, ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

అప్పుడు సైదాబీ మెట్లెక్కి వచ్చింది. చేతుల నెత్తురింకా ఆరలేదు. తల్లీ బిడ్డా బతికారని చెప్పి, మిగిలిన నూనెను నాగసానమ్మకు అందించింది. పురుటి మైల నూనె గడప దాటకూడదని పెద్దలు అడ్డం నిలిచారు. నాగసానమ్మ వాళ్లను తోసుకుపోయి ప్రమిదలో పోసింది. వత్తి భగ్గున అంటుకుంది. ఆమెను పొమ్మన్నవాళ్లలో ఒక్కరూ తలెత్తలేకపోయారు.

ఆనాటి గానుగ రోలు నేటికీ గట్టు మొదట్లో ఉంది. పక్కనున్న శాసనంలో మల్లిదేవయ్య పేరొక్కటే చెక్కారు. ఆడవాళ్లు మాత్రం ఆ రోలును నాగసానమ్మ అనే పిలుస్తారు. ఏటా కార్తీకంలో పురిటిళ్ల నుంచి చిప్పలతో వచ్చిన నూనెతోనే మొదటి దీపం వెలిగిస్తారు. ఆ చిప్ప ఎవరిదని పూజారి అడగడు. అడిగితే వత్తి అంటుకోదు.