ఎక్కడా ఆగని కారు

పూర్వం పాతకాలపు కార్లున్న జమీందార్లు ఓ సంఘం పెట్టుకుని, ఏటా కొండల అందాలు చూడ్డానికి కార్లలో షికారు వెళ్లేవారు. దారిలో ఎక్కడా ఆగకుండా కొండెక్కిన కారుకి శాలువా కప్పి సన్మానం చేసేవారు.

ఆ ఏడు చిలకపాడు జమీందారుగారి కారు మొదటి మలుపులోనే మొరాయించింది. ఆయన తన రైతు పోలయ్య చేత ఎద్దులు కట్టించి పైదాకా లాగించారు. కొండమీద సంఘం వాళ్లు దిగే బంగళా ముందరి పల్లంలో ఎద్దుల్ని విప్పించి, కారును దొర్లనిచ్చి దర్జాగా దిగారు.

"ఎవరడిగినా కారు ఎక్కడా ఆగలేదని చెప్పు. లేదంటే నీ కౌలు పొలం లాక్కుంటా," అని ఎద్దుల్ని విప్పేటప్పుడే పోలయ్యని బెదిరించారు.

వెనకే వచ్చిన ఎద్దుల్ని చూసి సంఘం పెద్దకి అనుమానమొచ్చింది. "దారిలో కారు ఆగిందా?" అని పోలయ్యని అడిగాడు.

పోలయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఎక్కడా ఆగలేదు బాబుగారూ. నా ఎద్దులు ఆగితే కదా, అది ఆగడానికి."