తవుడుకి అమ్మిన బండి

అనగనగా కొండ కింద ఒక ఊరు. దాని పేరు చెరకువలస. ఆ ఊళ్ళో చెరకు ఎక్కువ, పని తక్కువ. అందుకని మాటలు చెరకు కంటే ఎక్కువ.

ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒకడుండేవాడు. అతనికంటే ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని అతను పుట్టగానే వాళ్ళమ్మ సూరమ్మ అతన్ని పక్కింటావిడకి చేటెడు తవుడుకి అమ్మేసి, మర్నాడు పొద్దున్నే తిరిగి తెచ్చేసుకుంది. ‘వీడు తవుడు ఖరీదు చేసే పిల్లాడు, వీణ్ణి మోసుకెళ్ళడం దండగ’ అని యమభటులు వెళ్ళిపోవాలని అలా చేస్తారు బంగారూ. వాళ్ళు వెళ్ళిపోయారు. తవిటయ్య దూలంలా పెరిగాడు. బుర్ర కూడా కొంచెం దూలంలాగే పెరిగిందని ఊళ్ళో అంటారు. నేనైతే అనను.

తవిటయ్యకి ఒక పాత పికప్ బండి ఉండేది. ముందు ఇద్దరు మనుషులు కూర్చుంటారు, వెనక తొట్టిలో బెల్లం దిమ్మలు కూర్చుంటాయి. దాని రంగేమిటో ఊళ్ళో ఎవరూ తేల్చలేకపోయారు. నేల మీద అది బాగానే నడిచేది. కొండ చూస్తే మాత్రం దానికి జ్వరం వచ్చేది.

తవిటయ్యకి పెళ్ళాం కూడా ఉండేది. ఆమె పేరు దాలమ్మ. కొండ మీద ఊరి పిల్ల.

ఒకసారి దాలమ్మ చెల్లెలికి పెళ్ళి కుదిరింది. తవిటయ్య పెళ్ళాన్ని ముందు కూర్చోబెట్టుకుని, సారె సామానంతా తొట్టిలో పెట్టుకుని బయల్దేరాడు. మొదటి వంపు దగ్గరే బండి బుస్సుమని పొగలు కక్కి ఆగిపోయింది. అప్పుడు దాలమ్మ పట్టుచీరతో దిగి తోసింది. బండి కదల్లేదు. ఆ తర్వాత ఇద్దరూ సారె బుట్టలు నెత్తిన పెట్టుకుని కాలిబాటన కొండెక్కారు. వాళ్ళు చేరేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. చెల్లెలి మెడలో తాళి పడటం దాలమ్మ చూడలేదు.

దాలమ్మ పెళ్ళి భోజనం ముట్టుకోలేదు. మొగుడితో ఒకే మాట అంది.

“ఈ బండి మా గుమ్మం ముందుకొచ్చి ఆగిన నాడే నేను కిందకి దిగేది మావా. నడిచొస్తే మాత్రం నడిచినట్టే తిరిగెళ్ళు.”

తవిటయ్య మాత్రం తక్కువ తిన్నాడా? “బండిలోనే వస్తాను, చూస్తుండు” అన్నాడు. అని ఒక్కడే దిగొచ్చేశాడు. అప్పుడు మామిడి పూత మీదుంది. ఆ మామిడి కాయై, పండై, పిల్లలు చీకి పారేసిన టెంకలు మొలకెత్తాయి గానీ దాలమ్మ రాలేదు.

పొద్దువాలితే తవిటయ్య బండిలో కూర్చుని కొండకేసి చూసేవాడు. పైన ఒక ఇంటి పొయ్యి పొగ సన్నగా లేచేది. అది అత్తారి పొగో, వాళ్ళ పక్కింటివాళ్ళ పొగో అతనికి తెలీదు. అయినా అదే చూసేవాడు. బెల్లం ఎంత ఎక్కువున్నా పక్క సీటు మీద ఒక్క దిమ్మ పెట్టనిచ్చేవాడు కాదు. “ఆ సీటు మీద కనపడని దాలమ్మ కూర్చుంటాదిరా” అని ఊరంతా నవ్వేది. ఊరి మొగుళ్ళే ఎక్కువ నవ్వేవారు. వాళ్ళ పెళ్ళాలు ఇళ్ళల్లో ఉన్నారు కదా, నవ్వొస్తుంది.

అప్పుడు తవిటయ్య టౌను చివర తుక్కు కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్టు బుల్లెమ్మది. చచ్చిపోయిన బళ్ళన్నీ అక్కడికే చేరతాయి. బుల్లెమ్మ ఒక లారీ సీటు మీద మహారాణిలా కూర్చుని ఉండేది. ఆమెకి డబ్బిస్తే సరిపోదు, కబురు కూడా చెప్పాలి. ఏ ఇంట్లో ఏ గిన్నె సొట్టపోయిందో ఆమెకి తెలియాల్సిందే.

“బండికి ఏం కావాలి?” అంది బుల్లెమ్మ.

“కొండెక్కితే ఉడికిపోతంది. రేడియేటరు కావాలి.”

“మీ ఆవిడ ఎలాగుంటాది?”

తవిటయ్య ఆలోచించాడు. “కంచంలో మొదటి ముద్ద కలిపి పక్కన పెట్టుకుంటాది. అన్నీ తిన్నాక ఆఖర్న అది తింటాది. ఎందుకే అంటే, అదే బావుంటాది కాబట్టి అంటాది.”

బుల్లెమ్మకి ఆ కబురు నచ్చింది. ఒక బడి వ్యాను నుంచి తీసిన రేడియేటరు ఇచ్చింది. తవిటయ్య దాన్ని కడిగి, తన బండికి బిగించాడు. మర్నాడు కొండెక్కాడు. ఊరంతా మరమరాలు పట్టుకుని చూడ్డానికొచ్చింది. బండి ఉడకలేదు. మొదటి వంపు దాటింది. ఆ తర్వాత గేర్లు జారిపోయాయి. ఇంజను అరుస్తోంది, చక్రాలు వినిపించుకోవడం లేదు. అప్పుడు ఊళ్ళోవాళ్ళు వెనక మోకులు కట్టి, రథాన్ని దింపినట్టు బండిని దింపారు. మరమరాలు అయిపోయాయి. అందరూ ఇళ్ళకెళ్ళారు.

తవిటయ్య మళ్ళీ తుక్కు కొట్టుకెళ్ళాడు.

“ఈసారేమిటి?”

“గేరు పెట్టె.”

“మీ ఆవిడ సంగతి ఇంకోటి చెప్పు.”

“బండెక్కిందంటే నిద్రపోతాది. గోతిలో పడ్డా లేవదు. నేను నెమ్మదిగా తోల్తుంటే, ‘ఏటి, బండి ఆగిపోనాదా?’ అని అప్పుడు లేస్తాది.”

బుల్లెమ్మ నవ్వి, ఒక పాల వ్యాను గేరు పెట్టె ఇచ్చింది. అది మంచిదే గానీ పాత అలవాట్లు పోలేదు. దారిలో ఎవరైనా చెంబు పట్టుకుని నిలబడితే చాలు, దానంతటదే గేరు జారిపోయి బండి ఆగేదట. ఊళ్ళోవాళ్ళు చెప్పారు, నేను చూడలేదు. సరే, చెంబులన్నీ లోపల పెట్టించి తవిటయ్య మళ్ళీ కొండెక్కాడు. మొదటి వంపు దాటాడు. రెండో వంపు దాటాడు. అక్కడినుంచి అత్తారి ఇంటి కప్పు కనపడింది. కప్పు మీద ఆరేసిన చీర కూడా కనపడింది. సరిగ్గా అప్పుడే ఇంజను ముసలాయన కూర్చున్నట్టు ‘హమ్మ’ అని ఆగిపోయింది.

మళ్ళీ మోకులు. మళ్ళీ మరమరాలు. తవిటయ్య దిగుతున్నంతసేపూ వెనక్కి తిరిగి ఆ చీరకేసే చూశాడు.

ఆ రోజు అతను అన్నం తినలేదు. సూరమ్మ వచ్చి కొడుకు పక్కన కూర్చుంది.

“ఒరే, నిన్ను దక్కించుకున్నదెలాగరా? తవుడుకి అమ్మే కదా. ఆ బండి కూడా పుట్టి పుట్టి చస్తంది. దాన్నీ అమ్మేసి కొనుక్కో.”

“బండిని తవుడుకి అమ్ముతారేటమ్మా?”

“నువ్వు బతికావు కదా. బండి నీకంటే గొప్పదేటి?”

తవిటయ్య లేచాడు. ఎద్దుల్ని కట్టి బండిని బుల్లెమ్మ కొట్టుకి లాక్కెళ్ళాడు. సంగతి చెప్పాడు. బుల్లెమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదు. లోపలికెళ్ళి చేటెడు తవుడు తెచ్చి అతని కండువాలో పోసింది.

“ఇక ఇది నా బండి. నా తుక్కులో తుక్కు. రేప్పొద్దున వచ్చి తీసుకెళ్ళి పెంచుకో” అంది.

ఆ తర్వాత అడిగింది. “ఇంజను కూడా కావాలి కదా? మరి కబురేది?”

తవిటయ్య నోరు తెరిచాడు. ఏ కబురూ రాలేదు. ఖాళీ సీటుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఊరి కబుర్లన్నీ తెలిసిన బుల్లెమ్మ కూడా ఇంకేమీ అడగలేదు. కొట్టు వెనక, ఘాట్ రోడ్డు మీద తిరిగి తిరిగి పోయిన ఒక జీపు ఉండేది. దాని ఇంజను ఇంకా బతికే ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంది. అది ఇచ్చేసింది. ఆ పగలంతా తవిటయ్య అక్కడే ఆ ఇంజను బిగించాడు. బిగించి, బండిని తుక్కు మధ్యలో వదిలేసి, తవుడు పట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఆ రోజు సంత. కొండ మీదవాళ్ళు పసుపు అమ్ముకుని తుక్కు కొట్టు పక్కనుంచే వెనక్కి వెళ్తున్నారు. పాత బళ్ళ మధ్యలో తవిటయ్య బండి కనపడింది. తవుడు కనపడలేదు. తవుడు ఇంట్లో ఉంది కదా. వాళ్ళు కొండెక్కి తిన్నగా దాలమ్మ గుమ్మం ముందు ఆగారు.

“ఒలమ్మ దాలమ్మా, మీ ఆయన బండి తుక్కుకి పోనాది. మా కళ్ళతో చూశాం.”

మరి కళ్ళతో చూసింది అబద్ధమెలా అవుతుంది బంగారూ?

తెల్లారింది. తవిటయ్య వెళ్ళి బండి తెచ్చుకున్నాడు. అప్పుడు దాన్ని కొండకి తిప్పాడు. ఈసారి ఊరు కూడా రాలేదు, మరమరాలకి విసుగొచ్చింది. బండి మొదటి వంపు దాటింది. రెండో వంపు దాటింది. మూడో వంపు దగ్గర జీపు ఇంజనుకి తన పాత దారి గుర్తొచ్చినట్టుంది, పాట పాడుతూ ఎక్కింది. వంపులన్నీ వెనకబడ్డాయి. బండి తిన్నగా వెళ్ళి అత్తారి గుమ్మం ముందు ఆగింది.

తవిటయ్య జుట్టు సర్దుకున్నాడు. హారను కొట్టాడు. అత్త బయటికొచ్చింది.

“ఎవరు బాబూ? ఎవరింటికి?”

“నేనే అత్తా.”

“నువ్వా అల్లుడా! ఈ చప్పుడు మీ బండి చప్పుడు కాదే!” అంటూనే అత్త మొహం చిన్నబుచ్చుకుంది. “అది ఇంట్లో లేదు. బండి అమ్మేశావని నిన్న చెప్పారు. ‘ఇంక మావకి నన్ను తీసుకెళ్ళే ఆశ లేదే అమ్మా’ అని కూర్చుంది. తెల్లారగానే కాలిబాటన కిందకి దిగిపోయింది. రోజూ పొద్దువాలితే ఈ అరుగు చివర కూర్చుని మీ బండి చప్పుడు కోసం చెవులప్పగించేది. నేను చెప్పానని దానికి చెప్పకు.”

తవిటయ్య అరుగు చివరికి వెళ్ళి చూశాడు. కింద చెరకువలస గుప్పెడంత ఉంది. ఏది తన ఇల్లో తెలియలేదు.

గబగబా బండెక్కాడు. అప్పుడు మామ వచ్చి చక్రాల దగ్గర వంగి చూసి, “బ్రేకులన్నీ అరిగిపోయాయి, దిగడమెలా అల్లుడా?” అన్నాడు.

తవిటయ్య కూడా వంగి చూశాడు. ఎక్కడానికి అన్నీ వేశాడు. దిగడం సంగతి అతనికి తట్టనే లేదు. మరి ఇన్నాళ్ళూ అతను చూసింది పైకే కదా.

“రెండు వంపులైతే మోకులతో దింపొచ్చు. కొండంతా ఎవడు దింపుతాడు?” అన్నాడు మామ.

అప్పుడు తవిటయ్య బండిని అక్కడే వదిలేసి కాలిబాట పట్టాడు. పరుగెత్తాడు, జారాడు, లేచాడు. సగం కొండ దిగేసరికి, కావిళ్ళు దించుకునే బండ దగ్గర ఒక మనిషి పైకి వస్తూ కనపడింది. దాలమ్మే. పొద్దున్నే కిందకి దిగితే, “వాడు బండేసుకుని మీ ఇంటికే వెళ్ళాడే” అని సూరమ్మ చెప్పింది. ఆమె మంచినీళ్ళయినా తాగకుండా వెనక్కి తిరిగింది.

ఇద్దరూ ఆగారు. 

“బండి తుక్కుకి పోనాదన్నారు” అంది దాలమ్మ.

“మీ గుమ్మం ముందుంది.”

“మరి నువ్వేటి నడిచొస్తన్నావు?”

“ఎక్కడానికి అన్నీ వేశాను దాలీ. దిగడానికి ఏటీ వెయ్యలేదు.”

దాలమ్మకి నవ్వొచ్చింది. నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఈ దారి ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది కదా మావా. నడిచి రావడానికి కాళ్ళు లేవేటి?”

“నీకో?”

  ఇద్దరూ ఆ బండ మీద పక్కపక్కన కూర్చున్నారు. పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ మనుషులు పోయే దారే అది. ఆ పూట దాన్ని వాళ్ళు అప్పుడే చూసినట్టు చూశారు.

ఆ తర్వాత దాలమ్మ లేచి “పద” అంది. ఎటని తవిటయ్య అడగలేదు. ఆమె వెనకే నడిచాడు. ఆమె కిందకే నడిచింది.

ఎవరి మాట నెగ్గిందో చెరకువలస ఇప్పటికీ తేల్చలేదు. బండి గుమ్మం ముందు ఆగింది, అది తవిటయ్య గెలుపు. అప్పటికే దాలమ్మ దిగిపోయింది, అది ఎవరి గెలుపో చెప్పు! బండి ఇంకా కొండ మీదే ఉంది. అత్తగారి కోడి తొట్టిలో పొదిగింది. బెల్లం మళ్ళీ ఎద్దుల బండెక్కింది. బ్రేకులు దొరికాయా అని ఎవరైనా అడిగితే, “వెతుకుతున్నాను” అంటాడు తవిటయ్య. వెతకడు బంగారూ. సంత రోజు వచ్చిందంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నడిచి కొండెక్కి బండిని చూసొస్తారు. దారిలో ఆ బండ దగ్గర చాలాసేపు ఆగుతారు. ఏం మాట్లాడుకుంటారో బుల్లెమ్మకి కూడా తెలీదు.

బండి మిగిలె కొండకి,
బియ్యం చేరె కుండకి,
కథ నడిచె కంచికి,
కునుకు నడిచె మంచానికి.