పిలిస్తే పలకని తవిటమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున, ఓడలు ఆగే ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. కుడుములు వండి ఓడలవాళ్ళకి అమ్ముకునేది. అటూ ఇటూ దొర్లకే, చెబుతున్నాగా.

ఆ పైడమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. ఆ తర్వాత మూడో పిల్ల పుట్టింది. ఈసారి చావు కన్ను పడకూడదని, ఆ ఊరి ఆచారం ప్రకారం పిల్లని చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేసింది. పక్కింటి సూరమ్మ ఆ చేట ఎత్తుకెళ్ళింది. అప్పుడు పైడమ్మ సూరమ్మకి చారెడు తవుడిచ్చి తన పిల్లని తనే కొనుక్కుంది. తవుడిచ్చి కొన్న పిల్ల కాబట్టి తవిటమ్మ అని పేరు పెట్టింది. గేదెలకి తప్ప తవుడు ఎవరిక్కావాలి? చావు కూడా ముక్కు చిట్లించుకుని పోతుందని పాపం ఆవిడ ఆశ.

పిల్ల బతికింది. బతికిన పిల్ల ఊరుకుంటుందా? పదేళ్ళొచ్చేసరికి తోటి పిల్లలు, "తవిటమ్మా, గేదెకి ఆకలేస్తోందంట" అని ఏడిపించడం మొదలెట్టారు. అప్పుడు అది మూతి ముడుచుకుని ఇంటికొచ్చి, "ఇవాళ్టి నుంచి నా పేరు మాణిక్యం. అలా పిలిస్తేనే పలుకుతాను" అంది.

"ఆ పేరే నిన్ను కాసిందే అమ్మీ. మార్చకూడదు" అంది పైడమ్మ.

వింటేగా. అన్నానికి పిలిస్తే పలకదు. స్నానానికి పిలిస్తే పలకదు. ఇంట్లో పాము దూరిందే, బయటికి రావే అన్నా పలకదు. ఇలాంటి మొండిఘటాలతో తల్లులు ఎలా వేగుతారో ఏమో.

ఆ తర్వాత ఒకరోజు పైడమ్మ కుడుముల బుట్ట ఇచ్చి దాన్ని రేవుకి పంపింది. అది కుడుములు అమ్మే వంకతో, కనబడ్డ పరదేశీలందరి పేర్లూ అడగడం మొదలెట్టింది. లోకంలో ఇంత పాడు పేరు ఇంకెవరికీ లేదని తేల్చుకుని, తల్లి మీద యుద్ధానికి వెళ్దామని. ఏమిటి, వాళ్ళ భాష దానికెలా వచ్చిందా? రేవులో దుబాసీ ఉన్నాడు, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడానికి. మాటమాటకీ అడ్డు రాకు.

మొదట చైనా ఓడలో వంటవాణ్ణి అడిగింది. "నా పేరుకి కుక్క వద్దన్నవాడు అని అర్థం. కుక్కకే అక్కర్లేనివాణ్ణి చావు మాత్రం ఏం చేసుకుంటుందని మా అమ్మ అలా పెట్టింది" అన్నాడు వాడు.

అప్పుడు మంగోలు దేశం నుంచి వచ్చిన గుర్రాల వర్తకుణ్ణి అడిగింది. "నా పేరుకి పేరు లేనివాడని అర్థం. పేరే లేకపోతే చావు ఏమని పిలుస్తుంది?" అన్నాడు ఆయన. తవిటమ్మకి ఒళ్ళు మండిపోయింది. యుద్ధానికొచ్చిన పిల్లకి ఒక్క ఆయుధమూ దొరకలేదు మరి.

ఆ తర్వాత ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక ముసలి నావికుణ్ణి అడిగింది. ఆయన కుడుము తినడం ఆపేశాడు. "నాకు ముందు పుట్టిన ముగ్గురూ పోయారు. పోయిన బిడ్డే మళ్ళీ నాలా పుట్టిందని మా అమ్మ నాకు 'మళ్ళీ వెళ్ళిపోకు' అని పేరు పెట్టింది. పిలిచిన ప్రతిసారీ నన్ను బతిమాలుకున్నట్టే. ఇప్పుడు అమ్మ లేదు, అలా పిలిచేవాళ్ళూ లేరు" అన్నాడు.

తవిటమ్మ ఇంకెవరి పేరూ అడగలేదు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. పొద్దు వాలినా ఇంటి ధ్యాస లేదు.

అక్కడ పైడమ్మ గుండెల్లో రాయి పడింది. సముద్రం పొట్టన పెట్టుకుందేమోనని రేవంతా పరిగెత్తింది. తవిటమ్మా అంటే ఎలాగూ పలకదు కదా, అందుకని మొట్టమొదటిసారి "మాణిక్యం, మాణిక్యం" అని పిలిచింది. పిలిచిన ప్రతిసారీ, ఆ మంచి పేరు చావు విన్నదేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది.

పిల్లకి వినబడింది. తల్లి అలా భయంభయంగా వెనక్కి చూసుకోవడమూ కనబడింది. అయినా పలకలేదు.

పైడమ్మ దాన్ని చూసింది. "ఇదేం పిల్లరా నాయనా, అడిగిన పేరుతో పిలిచినా పలకదు" అని నెత్తి కొట్టుకుంది. అప్పుడు ఉన్న కోపం, ఉన్న భయం అంతా కలిపి, "ఓసి తవిటమ్మా" అని అరిచింది.

"ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా. ఎక్కడికీ పోనులే" అంది పిల్ల.

కథ కంచికి, కునుకు కంటికి, గొళ్ళెం నీ నోటికి.