రమ్మంటే వెనక్కి వెళ్ళిన కోడలు

అనగనగా ఒక ఏరు. అందరూ ఊరితో మొదలుపెడతారు, నేను ఏటితో మొదలుపెడుతున్నాను. ఎందుకంటే ఈ కథలో గొడవంతా ఆ నీళ్ళకి అటూ ఇటూ జరిగింది. ఇవతలి గట్టున ఒక రాజు, అవతలి గట్టున ఒక రాజు. వీళ్ళ మాట వాళ్ళకి తెలియదు, వాళ్ళ మాట వీళ్ళకి తెలియదు. లహరీ, ఆ దిండు తమ్ముడి వైపు కాస్త జరుపు. ఊ కొట్టండి మరి, నేను గోడకి చెప్పడం లేదు.

మాట తెలియకపోయినా ఇద్దరూ వియ్యమందారు. మధ్యలో ఒక ముసలి దుబాసీ ఉండేవాడులే. దుబాసీ అంటే ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి చేరవేసేవాడు. మన వీధిలో భద్రమ్మలాగా అన్నమాట. కాకపోతే ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. పెళ్ళి చేయించాడు, పూర్ణాలు తిన్నాడు, ఆ చలికాలంలోనే పోయాడు. అలా అవతలి రాజుగారి ఒక్కగానొక్క కూతురు ఇందుమతి ఇవతలి రాజుగారికి కోడలైంది.

కాపురానికి వచ్చిన రోజు అత్తగారు రత్నాంగీదేవి విస్తరి వేయించింది. గుమ్మంలో నిలబడ్డ కోడల్ని చూసి, ఇదిగో, ఇలా, అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళు ఆడించి రమ్మంది. మనమూ అలాగే పిలుస్తాంగా. కోడలు తల వంచుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు నిర్ఘాంతపోయింది. వెనకాలే వెళ్ళి మళ్ళీ చెయ్యి ఊపింది. కోడలు పెరట్లోకి పోయింది. పెరటి గుమ్మంలో నిలబడి ఇంకా గట్టిగా ఊపింది. కోడలు బావి అవతలికి పోయింది. పిలిచేకొద్దీ పోయింది, పోయేకొద్దీ పిలిచింది, విస్తట్లో అన్నం చల్లారింది. ఆ రోజే కాదు, ఆ తరవాత కొన్నాళ్ళు ఇదే తంతు. ఆ పిల్ల జామకాయలు కొరుక్కుని బతికింది. తరవాత ఏం తట్టిందో, పిలిస్తే రావడం మొదలుపెట్టింది. కానీ అత్తగారి మనసులో పడిన ముద్ర అలాగే ఉండిపోయింది. పొగరుబోతు పిల్లని కట్టబెట్టారని వంటింట్లో అంది, గుడిలో అంది, గాజులమ్మే ఆవిడతోనూ అంది. ఇక ఊరికి తెలియకుండా ఉంటుందా?

ఎందుకు వెళ్ళిపోయిందంటావా చక్రీ? ఆగరా, మీ తాతయ్యలా ప్రతిదానికీ తొందరే నీకు.

అలా ఏడాది గడిచింది. ఇందుమతి తండ్రికి కూతురి మీద బెంగ పట్టుకుంది. పెద్దవాడు, ఒంట్లో ఓపిక తగ్గుతోంది. ఏనుగుల మీద సారె వేసుకుని అవతలి గట్టుకి వచ్చి ఆగాడు. వాళ్ళకొక ఆచారం ఉందర్రా. వియ్యంకుడి ఇంటి నుంచి పిలుపు రాందే ఏరు దాటకూడదు. గట్టు దాకా వచ్చి పిలుపు అందక వెనుదిరిగాడంటే, ఇక బతికుండగా ఆ గడప తొక్కకూడదు. అంటే ఆ రోజు తిరిగి వెళ్ళాడా, కూతురి మొహం మళ్ళీ చూడడు.

దుబాసీ లేడు, కబురు ఎలా పంపడం? ఇవతలి మంత్రి ఒక ఉపాయం చెప్పాడు. గుడ్డ మీద చేతి బొమ్మలు వేసి పంపుకుందాం, వేళ్ళు అందరికీ ఐదే కదా, అర్థం కాకపోవడానికి ఏముందీ అన్నాడు. అవతలి మంత్రికీ అదే తోచింది. ఇద్దరూ మంత్రులే కదా. మీ ఫోన్లలో పంపుకుంటారే చేతి బొమ్మలు, అవే, పడవలో వెళ్ళేవి, అంతే తేడా. ఇంట్లోనే ఆ గట్టు పిల్ల ఉంది, ఈపాటికి ఈ మాటా నేర్చుకుంది, దాన్ని అడుగుదామని ఒక్కరికీ తట్టలేదు. కొత్త కోడలు సభలోకి రాకూడదని అత్తగారి కట్టడి.

మొదటి గుడ్డ అటునుంచి వచ్చింది. విప్పి చూస్తే నిలబెట్టిన బొటనవేలు. వాళ్ళ దగ్గర దానికి అర్థం, మేమంతా కుశలం అని. ఇక్కడేమో, నీకు దక్కేది ఇదే పో అని వెక్కిరించడం. రాజు నోరు తెరిచాడు. రాజు నోరు చూసి మంత్రి నోరు తెరిచాడు. మంత్రి నోరు చూసి సేనాపతి తెరిచాడు. సేనాపతి నోరు చూసి వింజామర వీచేవాడు తెరిచాడు, రాజుగారికి చెమటలు పట్టాయి.

నవ్వకండి. మొన్న మీ వరాలత్త వాళ్ళ మామగారు పోయారని ఫోన్లో పెడితే మీ మామయ్య ఈ బొటనవేలే పంపాడు. చూశాను అని వాడి ఉద్దేశమట. ఆవిడ ఇప్పటికీ మన గుమ్మం వైపు చూడడం లేదు.

ఇవతలి రాజు మంచివాడు. పాపం భయపడి అలా పంపాడేమో, అభయం ఇద్దామని ఐదు వేళ్ళూ చాచిన అరచెయ్యి వేయించి పంపాడు. వాళ్ళ దగ్గర అరచెయ్యి అలా చూపిస్తే, నీ మొహాన మసి పూస్తానని. అక్కడా రాజు నోరు తెరిచాడు, రాజు నోరు చూసి మంత్రి తెరిచాడు, మంత్రి నోరు చూసి సేనాపతి, సేనాపతి నోరు చూసి మావటివాడు. మావటివాడి నోరు చూసి ఏనుగు కూడా తెరిచిందంటారు, అది నేను చూడలేదు.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

మసి మాట దిగమింగుకున్నాడు ముసలాయన. కూతురి కోసం. మా చిన్నది ఎలా ఉందీ అని అడుగుతూ చిటికెనవేలు బొమ్మ పంపాడు. ఇవతల విప్పారు. మీ బళ్ళో చిటికెనవేలు ఎత్తితే టీచరు ఎక్కడికి పంపుతుంది? అదే. ఇంత సేనా మనం తాగే నీళ్ళ పక్కన నిలబడి అందుకు అనుమతి అడుగుతోందా అని సభ సభంతా కొయ్యబారిపోయింది. ఏనుగులకి కూడానా అని సేనాపతి అడిగాడట.

ఇక బొమ్మలు చాలు, నేనే వెళ్ళి పిలుస్తానని రాజు రాణిని వెంటబెట్టుకుని గట్టుకి వెళ్ళాడు. అందరూ చూస్తుండగా అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళు ఆడించి, మర్యాదగా రండి రండి అని ఊపాడు. రాణీ ఊపింది. మంత్రీ ఊపాడు. ఎంత ఆప్యాయంగా ఊపారో చెప్పలేను.

అవతలి గట్టున ముసలాయన ఆ ఊపే చేతులన్నీ చూశాడు. తరవాత కండువాతో కళ్ళు తుడుచుకుని ఏనుగుల్ని తిప్పమన్నాడు.

మేడ మీది కిటికీలోంచి ఇందుమతి ఇదంతా చూసింది. నాన్న ఏనుగు వెనక్కి తిరగడం చూసింది. ఇక కట్టడీ లేదు, కొత్త కోడలూ లేదు, మెట్లు దిగి, వీధి దాటి, జనాన్ని తోసుకుని మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది. నాన్నా అని ఒక్క కేక పెట్టి, అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు తన వైపు లాక్కుంది.

ఇవతలి ఊళ్ళో అలా పిలిచేది కుక్కపిల్లని. కన్నతండ్రిని, రాజుని, అంతమందిలో అలా పిలుస్తుందా అని గట్టు మీదివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. కానీ అవతల ఆయన ఆగాడు. ఏనుగు దిగాడు. పడవ కోసం కూడా చూడలేదు, ఎవరో వద్దంటున్నా వినలేదు, గుండెలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి కూతుర్ని పట్టుకున్నాడు.

అప్పుడు చూడాలి రత్నాంగీదేవిని. తండ్రీ కూతుళ్ళని చూసింది. కోడలి చేతిని చూసింది. తన చేతిని చూసుకుంది. అది ఇంకా గాలిలోనే, అరచెయ్యి కిందికే ఉంది. మెల్లగా దింపేసి కోడలి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మాయ్, ఆ మొదట్లో నేను చెయ్యి ఊపితే..."

"పొమ్మన్నారనుకున్నాను అత్తయ్యగారూ. అందుకే వెళ్ళాను."

"ఆకలితోనా?"

"ఆకలితోనే."

రాణీగారు కోడలి మణికట్టు పట్టుకుని ఇంటి దాకా నడిపించుకు వెళ్ళింది. వెనకాల వియ్యంకులిద్దరూ, ఒకడి భుజం మీద ఒకడు చెయ్యి వేసుకుని. ఇంట్లో ఇందుమతి ఆ మాటా ఈ మాటా కలిపి, బొటనవేలికి ఇదీ, చిటికెనవేలికి అదీ అని చెబుతుంటే సేనాపతి తల ఎత్తలేదు.

రాణీగారు తనే విస్తరి వేసి, పప్పన్నంలో నెయ్యి పోసి, కలిపి ముద్ద చేసింది. ఈసారి నోరు తెరిచింది ఇందుమతి. ముద్ద కోసం.

అందుకే ఎవర్నైనా రమ్మనాలంటే దూరం నుంచి చేతులు ఊపకండర్రా, దగ్గరికి వెళ్ళి పట్టుకు తీసుకురండి. రేపు పొద్దున్నే మీ మామయ్యని వరాలత్త ఇంటికి తోలతాను, ఫోన్ ఇక్కడే పెట్టించి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. చక్రీ, అదేంట్రా చిటికెనవేలు ఎత్తావు? పద, దీపం వేస్తాను.