డీజిలు పెట్టెలకు కరెంటు ఇంజను

గురువు కూర్మయ్యగారిని ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు రాదు. "చూద్దాం నాయనా" అంటారు. ఆ చూడడం ఎప్పుడో, ఎక్కడో, అది అడిగినవాడి అదృష్టం.

జగ్గారావుకీ అదే జవాబు దక్కింది. అతను కరెంటు ఇంజను డ్రైవరు, పైగా రైల్వే కాలనీ భజన సమాజానికి పెద్ద. పక్క ఊళ్లో డీజిలు షెడ్డు మూతపడితే అక్కడి భజనవాళ్లంతా బదిలీ మీద వచ్చి వీళ్లలో కలిశారు. వాళ్ల పెద్ద పైడయ్య పాట ఎడ్లబండి నడక. జగ్గారావుది ఒకటే పరుగు. శ్రీరామనవమికి కొండగుడిలో పాడాలి.

"వాళ్లని రావద్దనను గురువుగారూ. వచ్చి, నోరు మెదపకుండా వెనక కూర్చోమంటాను. రెండు రకాలవాళ్లం ఒక్క పాట ఎలా పాడతాం? నలుగురిలో నగుబాటు కాదూ!"

"చూద్దాం నాయనా."

నవమినాడు పొద్దున్నే గురువుగారితో సహా భజనవాళ్లంతా కొండగుడికి డీజిలు బండెక్కారు. తీరా చూస్తే దాని చక్రాలు తిప్పే మోటార్లు మొరాయించాయి. పండగ పూట డ్యూటీ పడ్డ జగ్గారావునే కరెంటు ఇంజను తెచ్చి ముందు తగిలించమన్నారు. కొక్కేనికి కొక్కెం కుదరలేదు. మధ్యలో ఓ ఇనుప ముక్క వేసి కలిపి, బ్రేకు గొట్టాలు బిగించారు. వెనక, బండి సొంత డీజిలు ఇంజను మాత్రం ఇంకా డుగ్గుడుగ్గుమంటూనే ఉంది.

"నా ఇంజనుండగా ఆ ముసలి దగ్గెందుకయ్యా? ఆపించండి!" అన్నాడు జగ్గారావు. ఆపేశారు.

బండి ఝామ్మని కదిలింది. అబ్బో, జగ్గారావు ఛాతీ చూడాలి! ఆ సంబరం కాస్తా తర్వాతి స్టేషను దాకానే. బండి ఆగీ ఆగగానే జనం చెమటలు కక్కుతూ ప్లాట్‌ఫారం మీదికి దూకారు. లోపల పంకా తిరగదు, దీపం వెలగదు.

"నెత్తిమీద తీగనిండా కరెంటు పెట్టుకుని మాకింత గాలి లేదేమయ్యా!" అంది పిల్లను చంకనేసుకున్న ఒకావిడ.

జగ్గారావు గతుక్కుమన్నాడు. తన ఇంజను పెట్టెల్ని లాగుతోందే గాని, వాటిలోకి ఒక్క తీగా పోలేదు. పంకాలకీ దీపాలకీ ఊపిరి ఆ ముసలి దగ్గే. కిటికీ పక్కన గురువుగారు కండువాతో విసురుకుంటున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. అదే అతనికి మరీ సిగ్గనిపించింది.

"స్టార్టు చెయ్యండి బాబూ, తప్పు నాదే!" అని అరిచాడు.

డుగ్గుడుగ్గు మళ్లీ మొదలైంది. పంకాలు గిర్రున తిరిగాయి. పిల్లలు హేయ్‌మని చప్పట్లు కొట్టారు. ప్రాణం లేచొచ్చిన పైడయ్య తాళాలు తీసి రామనామం ఎత్తుకున్నాడు, తన పద్ధతిలోనే, తాపీగా. పెట్టె పెట్టంతా అందుకుంది. ఇంజనువైపు నడుస్తున్న జగ్గారావు అడుగులు వద్దన్నా ఆ తాళానికే పడ్డాయి.

సాయంత్రం గుడిలో అతను పైడయ్య చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. "బాబాయ్, నువ్వెత్తుకో. చివర్న పరుగు మేం అందుకుంటాం." తాపీగా మొదలైన పాట ఉరకలెత్తేసరికి పూజారిగారు హారతి పళ్లెం పక్కన పెట్టి చిందేశారు.

పానకం గ్లాసు గురువుగారి చేతికిస్తూ జగ్గారావు ఊరుకోలేకపోయాడు. ఎంతైనా డ్రైవరు కదా!

"అయినా గురువుగారూ, ఆ డీజిలు ఆపేసినా నా ఇంజను బండిని ఇక్కడిదాకా తెచ్చేదేనండీ."

గురువుగారు పానకం గుటకేసి నవ్వారు.

"తేకేం నాయనా, భేషుగ్గా తెచ్చేది. మరి, పాడుకుంటూ దిగేవారా?"