నక్క చెప్పిన వాన

పెదవాగుకు ఉత్తరాన నల్లరేగడి మైదానం. శరత్తు అప్పుడప్పుడే అడుగుపెడుతోంది. వానలు తెరిపిచ్చాయి, నేల పైపైన ఆరింది, జొన్న కంకులు గింజ పట్టి తలలు వంచాయి. ఎలుకలకు ఏడాది మొత్తంలో తిండికి లోటులేని రోజులివే. సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే ఎవరో ఒకరు మన మేలు కోరి వస్తారని నాంచారమ్మకు తెలుసు.

నాంచారమ్మ ఆ పల్లంలో అందరికంటే పెద్ద ఎలుక. బొరియల్లో పొగ పెట్టిన ఏడు బతికి బయటపడింది. ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టిన ఏడు సగం తోక వదులుకుని బతికింది. ఒకసారి వాగు పొంగి, తొలి కాన్పు పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. అప్పటినుంచి ఎవరైనా తియ్యగా మాట్లాడితే ఆమెకు మీసాలు నిక్కబొడుచుకుంటాయి. ఇప్పుడు కోడలు సీతాలు పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్లు తెరవని పసికూనలు. ముసలిదాని ప్రాణమంతా వాటి మీదే ఉంది.

ఆ సాయంత్రం జంబన్న అనే నక్క గట్టెక్కి కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఈ మధ్య వాడు పట్టిన పని ఇదే, మైదానానికంతటికీ వాతావరణం చెప్పడం. మొన్న గాలి పడమటి వైపు నుంచి తిరుగుతుందన్నాడు, తిరిగింది. అప్పటికే తిరిగిన గాలిని చూసి చెప్పాడని నాంచారమ్మ తప్ప ఎవరూ గమనించలేదు.

ఉత్తరాది నుంచి బాతులు కబురు తెచ్చాయట. హస్త కార్తె తగులుతూనే తూర్పున పెద్ద వాన పుడుతుందట. వాగు పొంగి పల్లమంతా మునుగుతుందట. బొరియలు వదిలి పిల్లాజెల్లాతో అందరూ దక్షిణపు దిబ్బ మీదికి చేరితే, రాత్రీపగలూ తానే కాపలా ఉంటాడట.

"ఆ బాతుల్ని ఒకసారి పిలువు నాయనా, మేమూ అడుగుతాం" అంది నాంచారమ్మ, బొరియ అంచు దాటకుండా.

"వెళ్లిపోయాయి పెద్దమ్మా."

"ఎటు, నీ కడుపులోకా?"

బొరియల్లో కిచకిచ నవ్వులు లేచాయి. జంబన్న కూడా నవ్వాడు. తన తల్లి వయసున్న దానితో తనకు వాదమేమిటని, నమ్మినవాళ్లు బతుకుతారని చెప్పి తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

గవరయ్యకు ఆ మర్యాద బాగా నచ్చింది. నాలుగు బొరియల పెత్తనం ఉన్న మగ ఎలుక అతను. నక్క అయినంత మాత్రాన ఎప్పుడూ చెడే చెబుతాడా, పిన్నికి అందరిమీదా అనుమానమే, అని చాటుమాటుగా అనడం మొదలుపెట్టాడు. ఆ మాట ముసలిదాని చెవిన పడనే పడింది. ఆమె తెల్లవారగానే జొన్నల చాటున పాకుతూ నక్క ఉండే వంకలోకి వెళ్లింది.

వంక అడుగున, నీళ్లు పారే దారికి మూరెడు ఎత్తులో జంబన్న గుహ. వాడి పెళ్లాం గుమ్మం ముందు ఎండలో కాళ్లు చాపుకుని పడుకుంది. నక్కకూనలు ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటున్నాయి. ఎక్కడికీ కదిలే సూచన లేదు. పైగా గుహ లోపలి నుంచి కొత్తగా తవ్వి పోసిన మట్టి గుమ్మం పక్కన కుప్పగా ఉంది.

నాంచారమ్మ వెనక్కి వచ్చి అందరినీ పిలిచింది.

"ఊరంతా మునుగుతుందన్నవాడు తన పెళ్లాం పిల్లల్ని పల్లంలోనే పడుకోబెట్టాడు. వాడికి కావలసింది మనం ఒక్కచోట పోగవడం. వానా లేదు, వరదా లేదు. ఎవరూ కదలొద్దు."

గవరయ్య కూడా తల దించుకున్నాడు. ఆ రోజంతా ముసలిది మీసం దువ్వుకుంటూ తిరిగింది. తన అనుమానం ఇంత చక్కగా నిజమవడం ఆమెకు ఎంతో తృప్తినిచ్చింది. ఆ తృప్తిలో ఒకసారైనా తల ఎత్తి ఆకాశం వంక చూడలేదు.

మర్నాడు పొద్దున సీతాలు పిలిచింది. "అత్తా, గోడ చూడు. చెమట పట్టింది."

బొరియ గోడ చేతికి తడిగా తగిలింది. నాంచారమ్మ గబగబా పైకి వచ్చింది. పడమటి గాలి ఆగిపోయింది. తూర్పు నుంచి ఉక్కపోతతో కలిసి చిన్న గాలి వీస్తోంది. తూనీగలు నేలను రాసుకుంటూ ఎగురుతున్నాయి. గట్టు వెంట నల్లచీమల బారు, ప్రతి చీమ నోటా ఒక తెల్లటి గుడ్డు, పైపైకి పోతోంది. తొలి కాన్పు పిల్లలు పోయిన ఏడాది కూడా చీమలు ఇలాగే పైకెక్కాయి. ఆనాడు చూసి కూడా ఊరుకుంది.

ఆమెకు ఒళ్లంతా మంటెత్తింది. కోపం నక్క మీద కాదు. నక్క అబద్ధం చెప్పాడని తెలిసింది గనుక వాన రాదని తనకు తానే తీర్మానించుకుంది. వాడు పిలిచిన దిబ్బకు పోతే వాడి నోట్లో పడాలి. ఇక్కడే ఉంటే కళ్లు తెరవని ఆ పసికూనలు నీళ్లలో తేలాలి. తప్పు ఒప్పుకోకపోతే పరువు నిలుస్తుంది, పిల్లలు నిలవరు.

మళ్లీ అందరినీ పిలిచింది. "నిన్న నేను తప్పు చెప్పాను. వాన వస్తోంది, లేవండి."

గవరయ్య ఊరుకుంటాడా. "మరి నక్క చెప్పిందీ అదేగా పిన్నీ?"

"వాడు చూడకుండా చెప్పాడు. నేను చూసి చెబుతున్నాను. కావాలంటే ఆ చీమల్ని అడిగి రా."

గవరయ్య చీమల వంక చూశాడు, తూర్పు వంక చూశాడు.  అయితే దిబ్బకేనా అన్నాడు. దిబ్బకు కాదంది నాంచారమ్మ. ఉత్తరపు గట్టు మీద రేగుపొదలున్నాయి. నేలంతా గులకరాళ్లు, తవ్వితే గోళ్లు అరుగుతాయి, అందుకే ఎవరూ అక్కడ ఉండరు. కానీ ఆ ముళ్లలో నక్క మూతి దూరదు.

సీతాలు ఒక్కొక్క కూననే నోట కరుచుకుని మోసింది. ముసలిది కూడా మోసింది, ఊడిపోగా మిగిలిన పళ్లతో, చర్మం గీసుకోకుండా. దాచుకున్న కంకుల్లో సగానికి పైగా వదిలేశారు. ఆఖరి కూన పొదలోకి చేరేసరికి మొదటి చినుకులు పడ్డాయి. ఆ తర్వాత ఆకాశమే విరిగిపడింది.

దక్షిణపు దిబ్బ మీద జంబన్న తడుస్తూ కూర్చున్నాడు. పొదలోంచి నాంచారమ్మకు వాన తెరల మధ్య కనిపిస్తున్నాడు. మొదట వాడి తోక హుషారుగా ఆడింది. వాన నిజంగానే వచ్చింది కదా, ఇక ఎలుకలు రాక ఎక్కడికి పోతాయి. పల్లం నిండింది. ఎలుక జాడ లేదు. వంకలోంచి ఎర్రటి నీళ్ల హోరు వినిపించింది. అప్పుడు వాడి తోక ఆగింది. లేచి పరుగెత్తాడు.

చాలాసేపటికి నక్క సంసారం రేగుపొదల పక్క నుంచే గట్టెక్కింది. పెళ్లాం నోట ఒక కూన వేలాడుతోంది. మిగతావి బురదలో ముంచి తీసినట్టున్నాయి. అందరూ ప్రాణాలతో ఉన్నారు. గుహ మాత్రం లేదు.

ఆమె కూనను దింపి మొగుడి వంక చూసింది. "ఊరందరికీ వాన చెప్పొచ్చావు. మాకెందుకు చెప్పలేదు?"

జంబన్న చెవులు వాల్చి వాగు వంక చూస్తూ నిలబడ్డాడు.

నక్క పెళ్లాం పొదలోకి తొంగిచూసింది. "పెద్దమ్మా, ఈ వాన ఎప్పుడు తగ్గుతుంది?"

నాంచారమ్మ జవాబు చెప్పే ముందు మిగిలిన సగం తోకనూ లోపలికి లాక్కుంది. కూనల్ని వెనక్కి నెట్టింది.

"చీమలు కిందికి దిగినప్పుడు" అంది. "ఈసారి మీ ఆయన్ని అడక్కు. వాటినే చూసుకో."

అబద్ధాలకోరును నమ్మొద్దు, వాడు చెప్పాడు గదా అని మబ్బునూ కాదనొద్దు.